మాయారాజ్యంలో మన బి.ఎస్సీ. విద్యార్థి



ఆధునిక విజ్ఞానం చదువుకున్న మనిషి ఒకడు ఉన్నట్టుండి పూర్వకాలపు రాజ్యంలోనో, ఏ మ్యాపులోనూ లేని మాయాలోకంలోనో పోయి పడతాడు. అక్కడి జనానికి కత్తులు, గుర్రాలు, మంత్రాలు తప్ప వేరే తెలియవు. మనోడు తన తెలివితో ఆవిరి యంత్రం చేస్తాడు, తుపాకిమందు నూరుతాడు, కరెంటు తెస్తాడు. పది అధ్యాయాలు తిరిగేసరికి రాజ్యం స్థాపించి రాజకుమార్తెను పెండ్లాడతాడు. ఈ రకం కథలకు ఇప్పుడు మంచి గిరాకీ ఉంది. జపాను బొమ్మల కథల్లోనైతే ఇదొక పెద్ద శాఖే. మన హాస్టళ్ళలో అర్ధరాత్రి దాటినా ఫోన్లు వెలుగుతున్నాయంటే సగం వీటి కోసమే.

ఊహ కొత్తదేమీ కాదు. అమెరికా రచయిత మార్క్ ట్వేన్ 1889లోనే ఇటువంటి నవల రాశాడు. అందులో ఆయుధాల ఫ్యాక్టరీలో పనిచేసే ఒక మేస్త్రీ ఆరవ శతాబ్దపు ఇంగ్లండులో, ఆర్థర్ రాజు కొలువులో తేలతాడు. బడులు పెడతాడు, టెలిగ్రాఫు తీగలు లాగుతాడు. చివరికి కరెంటు కంచెలు వగైరాలతో పాతిక వేల మంది సర్దారులను చంపి, ఆ శవాల మధ్యనే చిక్కుబడిపోతాడు. ట్వేన్ దాన్ని వెక్కిరింతగా రాశాడు. మన కుర్రాళ్ళు ఆ ముగింపు వదిలేసి మొదటి సగం మాత్రమే తీసుకున్నట్టున్నారు. మనకూ 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ ఉంది. తోటరాముడు ప్రతిమను అడిగితే చాలు, మేడ లేచి నిలుస్తుంది. సున్నం ఎక్కడిది, రాయి ఎక్కడిది అని ఎవరూ అడగరు. 1991లో ‘ఆదిత్య 369’ మనల్ని కాలయంత్రంలో కృష్ణదేవరాయల కొలువుకు తీసుకుపోయింది గానీ, హీరో అక్కడ ఒక్క కాలువ కూడా తవ్వలేదు.

ఈ వ్యాసంలో నేను చేయదలచింది ఒకటే. ఆ కథానాయకుడి స్థానంలో భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలు చదివిన మామూలు డిగ్రీ విద్యార్థిని నిలబెట్టి, అతడు నిజంగా ఏం చేయగలడో లెక్క గట్టడం. రాజ్యం అంటే కోటలు, సైన్యాలు తర్వాతి సంగతి. జనం కూడు తిని నిలబడగలిగే చోటు అనే అర్థంలో వాడుతున్నాను.

మొదట అందరికీ ఇష్టమైన ఆవిరి యంత్రం తీసుకుందాం. దాని సూత్రం మనకు తెలుసు. పరీక్షలో బొమ్మ గీసి భాగాలు గుర్తించగలం. కానీ జేమ్స్ వాట్ కథ చూడండి. ఆవిరిని వేరే పాత్రలో చల్లబరచాలన్న ఆలోచన అతనికి 1765లో వచ్చింది. పేటెంటు 1769లో దొరికింది. యంత్రం గనుల్లో నిలబడి పని చేసింది 1776లో. మధ్యలో పదకొండేళ్ళు ఏమైంది? డబ్బు ఇబ్బంది ఉంది, వేరే ఉద్యోగాలు ఉన్నాయి. అన్నిటికన్నా పెద్ద చిక్కు, పెద్ద సిలిండరు లోపలివైపు గుండ్రంగా, సమంగా తొలిచే సాధనం లేకపోవడం. పిస్టనుకూ గోడకూ మధ్య సందులోంచి ఆవిరి పోతూనే ఉండేది. జాన్ విల్కిన్సన్ అనే ఇనుప వ్యాపారి ఫిరంగి గొట్టాలు తొలిచే పని నుంచి 1775లో సిలిండర్లు తొలిచే యంత్రం తయారుచేశాడు. అప్పుడే వాట్ బయటపడ్డాడు. అంతటి వాట్‌కే తొలిచేవాడు దొరికేదాకా యంత్రం రాలేదు. మాయాలోకంలో మన కుర్రాడికి విల్కిన్సన్ ఎక్కడ దొరుకుతాడు?

పోనీ ఉక్కు చేద్దామంటే, అక్కడ తలవంచాల్సింది మనమే. మన తెలంగాణలోనే నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు దూరదేశాలకు కత్తుల కోసం పోయేది. ఇనుములో కార్బను ఎంత శాతం ఉంటే ఉక్కు అవుతుందో నేను చెప్పగలను. ఆ కొలిమి ముందు నిలబెట్టి “ఇప్పుడు దించాల్నా, ఇంకొంచెం ఉంచాల్నా?” అని అడిగితే మాత్రం నోరు పెగలదు. ఆ సంగతి మంట రంగు చూసి చెప్పే కమ్మరికి శాతాలు తెలియవు. ఇద్దరిలో ఎవరిది విజ్ఞానం అనే చర్చ వేరే పెట్టుకోవచ్చు. ఉక్కు దిగేది మాత్రం కమ్మరి చేతనే.

కల్పిత కథలు పక్కన పెట్టి, కొత్త శాస్త్రం చదివిన ఇంజనీరు పరాయి లోకానికి వచ్చి దాని రూపు మార్చిన సంఘటన నిజంగా ఉందా అని చూస్తే, తెలుగువాళ్ళకు వెంటనే గుర్తొచ్చేది సర్ ఆర్థర్ కాటన్. 1821లో కుర్రతనంలోనే మద్రాసుకు వచ్చాడు. 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టించాడు. కరువుతో చచ్చిన డెల్టా అన్నపూర్ణ అయింది. గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ ఆయన విగ్రహాలకు దండలు వేస్తారు. అయితే ఇసుక మీద నదికి అడ్డంగా కట్టడం ఎట్లా నిలుస్తుందన్నది ఆయన సీమలో నేర్చుకొని రాలేదు. తంజావూరు ప్రాంతంలో కావేరి మీద చోళుల కాలం నాటి కల్లణై ఆనకట్టను చూసి నేర్చుకున్నాడు. ఆ సంగతి ఆయనే దాచకుండా చెప్పాడు. అంటే మాయాలోకానికి పోయిన ఇంజనీరు మొదట ఆ లోకంలోని పాత మేస్త్రీలకు శిష్యుడయ్యాడు. కథల్లో ఈ అధ్యాయం రాయరు.

కాటన్ వెనుక ఒక ప్రభుత్వం, ఖజానా, ఇనుప సామాను తెచ్చే ఓడలు ఉన్నాయి. ఇవేవీ లేని కాలంలో రాజ్యం నిలబెట్టడానికి ఏమేం కావాలో ఎవరైనా రాసిపెట్టారా? రాసిపెట్టారు. అది కడప జిల్లా పోరుమామిళ్ళలో రెండు రాతి పలకల మీద ఉంది. ఈ వ్యాసానికి అసలు ఆధారం అదే.

విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూర ఉదయగిరి నుంచి పాలించేవాడు. 1369లో పోరుమామిళ్ళ దగ్గర పెద్ద చెరువు కట్టించి శాసనం వేయించాడు. ఆ శాసనంలో చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెప్పబడ్డాయి. మనిషికి కాళ్ళూ చేతులూ ఎట్లాగో చెరువుకు ఈ పన్నెండూ అట్లాగ. నా మాటల్లో చెబుతాను. ధర్మం తెలిసి, సొమ్ము ఉండి, కీర్తి కోరే రాజు ఒకడు. నీటి శాస్త్రం తెలిసిన పండితుడు ఒకడు. గట్టి బంకమట్టి నేల. మూడు యోజనాల అవతల పుట్టి వచ్చే తీపి నీటి ఏరు. ఆ ఏటిని ఆనుకొని గుట్ట. గుట్ట కొసల మధ్య మరీ పొడుగు లేని, గట్టి రాతి కట్ట. కట్ట రెండు చివర్లా పండే భూమి మునగకపోవడం. వెడల్పూ లోతూ ఉన్న గర్భం. పొడుగైన, తిన్నని రాళ్ళు దొరికే గని. దగ్గరలో చదునైన, సారవంతమైన పొలాలు. కొండ మలుపు వల్ల సుడి తిరుగుతూ వడిగా వచ్చే నీటి దారి. చివరగా, కట్టడం పనిలో ఆరితేరిన మనుషుల గుంపు.

ఇప్పుడు లెక్క పెట్టండి. మన కథానాయకుడు ఈ పన్నెండింటిలో ఎన్నవది? రెండవది. ఆ ఒక్కటే. మిగిలిన పదకొండు లేకపోతే అతని చదువు తాటాకు మీది గీత.

గుట్టకూ గుట్టకూ మధ్య కట్ట, అదీ మరీ పొడుగు లేకుండా, అని ఎందుకన్నారో మన ఫిజిక్సుతో చూద్దాం. నీటి ఒత్తిడి లోతు మీద ఆధారపడుతుంది, చెరువు ఎంత దూరం పరుచుకొని ఉన్నదన్న దాని మీద కాదు. కట్ట వెనుక నీళ్ళు అర కిలోమీటరు ఉన్నా, పది కిలోమీటర్లు ఉన్నా ఒత్తిడి ఒకటే. 5 మీటర్ల లోతున్న నీళ్ళు కట్టను ప్రతి మీటరు పొడుగునా 12.5 టన్నుల బలంతో నెడతాయి. లోతు 10 మీటర్లయితే అది 25 టన్నులు కాదు, 50 టన్నులు. లోతు రెట్టింపైతే నెట్టుడు నాలుగింతలు. కాబట్టి లోతు కావాలంటే కట్ట మందం పెంచాలి. మందం పెంచాలంటే పొడుగు తగ్గించుకోవాలి. పొడుగు తగ్గాలంటే మిగతా గోడ పని గుట్టలు చేయాలి. ఆ రాయి చెక్కినవాళ్ళకు మన సూత్రం తెలియదు. తెగిన కట్టలు చూసి చూసి అదే చోటికి వచ్చారు. మన సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో రేచర్ల రెడ్ల గుళ్ళు చూడబోయినవాళ్ళు ఆ ఊరి చెరువు కట్ట మీద కూడా కాసేపు నిలబడి చూడండి. 1208లో ఎరకసానమ్మ ఎరకేశ్వరాలయం కట్టించిన నాటి కాకతీయుల రాజ్యం గుడి, చెరువు, ఊరు మూడూ కలిపే కట్టింది.

పోరుమామిళ్ళ శాసనంలో ఇంకో లెక్క ఉంది. రోజూ వెయ్యి మంది కూలీలు, రాతి పనికి నూరు బండ్లు, రెండేళ్ళు. ఇది చదివి నేను మా నాయనకు ఫోనులో చెప్పాను. ఆయన ఏడో తరగతి చదివిండు, ఎవుసం చేస్తడు. చెరువు కొలతలు అడగలేదు, రాజు పేరు అడగలేదు.

“ఆ వెయ్యి మందికి రెండేండ్లు తిండి ఎవడు పెట్టిండు?” అన్నడు.

పుస్తకంలో లేని ప్రశ్న. లెక్క గట్టాను. ఏడాదికి 300 రోజులు పని జరిగిందనుకుంటే రెండేళ్ళకు 6 లక్షల పనిదినాలు. మట్టి మోసే మనిషికి రోజుకు ముప్పావు కిలో గింజలు వేసుకున్నా నాలుగున్నర లక్షల కిలోలు, అంటే 4,500 క్వింటాళ్ళు. ఇది ఒక్క కూలీ మనిషికే. ఇంట్లో పిల్లలు, ముసలివాళ్ళు, బండ్ల ఎడ్లు లెక్కలో లేరు. అప్పటికి చెరువు లేదు కాబట్టి ఈ గింజలు వాన మీద ఆధారపడ్డ చెలకల్లో పండాల్సిందే. ఎకరానికి మూడు క్వింటాళ్ళ జొన్నలు అనుకుంటే 1,500 ఎకరాల మొత్తం పంట. ఆ పండించినవాళ్ళు తినకుండా ఇస్తే! చెరువు నుంచి మొదటి చుక్క పారకముందే రాజ్యం ఇంత ధాన్యం కూడబెట్టి, ఎలుకలు కొట్టకుండా నిలవచేసి, రోజూ కొలిచి పంచగలిగి ఉండాలి. గాదెలు కావాలి, కొలమానాలు కావాలి, దొంగతనం చేయని కరణం కావాలి. మాయాలోకపు నవలల్లో గాదె అన్న మాటే రాదు. “గింజలు లేనిదే ఇంజనీరు ఏం చేస్తడు?” అని నాయన నవ్విండు.

ఇక ఆరు దోషాల సంగతి. కట్టలోంచి నీరు ఊరడం, చౌడు నేల, గర్భం మధ్యలో మిట్ట ఉండడం, నీళ్ళు తక్కువై సాగు భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీళ్ళు ఎక్కువ కావడం. ఇవి ఐదు. ఆరవది చూసి నేను కాసేపు ఆగిపోయాను. చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం దోషమట. మట్టీ రాయీ గురించి చెబుతున్నవాడు రాజకీయం ఎందుకు చెప్పాడు? అతని దృష్టిలో అదీ ఇంజనీరింగే కాబట్టి.

మా మాడుగులపల్లి మండలం 2016లో ఏర్పడింది. నల్లగొండ నుంచి మిర్యాలగూడకు పోయే దారిలో ఉంటుంది. మా దిక్కు బతుకంతా నాగార్జునసాగర్ ఎడమ కాలువ చుట్టూనే. ఆధునిక ఇంజనీరింగుతో రాజ్యం కట్టడం అంటే మా కళ్ళ ముందున్న ఉదాహరణ అదే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. దాదాపు 124 మీటర్ల ఎత్తు కట్టడాన్ని ఎక్కువ భాగం రాతితోనే లేపారు. యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ ఉన్న దేశంలో అది తెలివైన నిర్ణయం. పోరుమామిళ్ళ పన్నెండవ అంగం, పని తెలిసిన మనుషుల గుంపు, ఇక్కడ వేల సంఖ్యలో కనబడుతుంది. చెలకలు మళ్ళయినయి, జొన్న గటక తిన్న ఇండ్లల్లో తెల్లన్నం ఉడికింది, మిర్యాలగూడ రైసు మిల్లుల పట్నమయింది. (ఇంకొక విచిత్రం: ఈ కొత్త రాజ్యం నీళ్ళ కింద ఇక్ష్వాకుల పాత రాజధాని విజయపురి మునిగింది. దాన్ని ముందే తవ్వి శిల్పాలను కొండ మీది మ్యూజియంకు చేర్చారు.)

2014లో రాష్ట్రం విడిపోయింది. డ్యాం సరిగ్గా రెండు రాష్ట్రాల సరిహద్దులో పడింది. 2023లో కృష్ణకు వరద తక్కువ. ఆ నవంబరు చివర రెండు రాష్ట్రాల పోలీసులు డ్యాం మీద ఎదురెదురు నిలబడ్డారు, మధ్యలో ముళ్ళ కంచెలు వేశారు, తర్వాత కేంద్ర బలగాలు కాపలాకు వచ్చాయి. ఎవరిది న్యాయం అన్నది తేల్చడం ఈ వ్యాసం పని కాదు. 650 ఏళ్ళ కిందటి ఆ రాయి ఒక దోషాల జాబితా ఇస్తే, అందులోంచి రెండు, సరిహద్దూ నీళ్ళ తక్కువా, ఒకే ఏడు ఒకే కట్ట మీద కలిశాయని మాత్రం చెబుతున్నాను. ఆ చిక్కు డ్యాం రాతిలో బీట వల్ల వచ్చింది కాదు. 26 గేట్ల వల్ల వచ్చిందీ కాదు.

దీని కింద మాకు రోజూ ఎదురయ్యే సంగతి ఇంకొకటి. 2022 సెప్టెంబరులో నిడమనూరు దగ్గర ఎడమ కాలువకు గండి పడింది. డ్యాం నిండుగా ఉండి, కాలువ తెగితే పొలం ఎండుతుంది. కాలువ బాగుండి, మేజరు కాలువ మీద ఎగువవాళ్ళు రాత్రిపూట తూము ఎత్తుకుంటే ఆఖరి పొలం ఎండుతుంది. కాలువ చివర ఉన్న రైతుకు డ్యాం కట్టిన చీఫ్ ఇంజనీరు కన్నా గేటు తిప్పే లస్కరు ముఖ్యం. ఆ లస్కరు రాకపోతే, వచ్చినా మాట చెల్లకపోతే, 124 మీటర్ల రాతి కట్టడం ఆ రైతు వరకు లేనట్టే. పూర్వం చెరువు కింద ఈ పనికి నీరటికాడు ఉండేవాడు. ఏ మడికి ఎన్ని గడియలు పారాలో అతని మాట. పంట మీద అతని పాలు అతనికి కొలిచేవాళ్ళు. చెరువు కట్టించినవారికీ, బాగు చేసేవారికీ దాని కింద భూమిలో కొంత వంతు ఇచ్చే దశబంధం ఏర్పాటు శాసనాల్లో కనిపిస్తుంది. అంటే చెరువు చెడితే వాడి కంచంలోనే అన్నం తగ్గుతుంది. ఇంతకన్నా గట్టి మెయింటెనెన్సు కాంట్రాక్టు నాకు ఎక్కడా కనబడలేదు. అందులో కులం కట్టుబాటు ఉంది, నీరటికాడి కొడుకు నీరటికాడే కావాల్సిన నిర్బంధం ఉంది. అది పోవాల్సిందే, పోయింది. దాంతోపాటు ఆ పని కూడా పోయింది. 2015లో మిషన్ కాకతీయ మొదలై ఊరూరా పూడిక తీశారు, కట్టలు గట్టిపరిచారు. పూడిక తీయడానికి యంత్రం వచ్చింది, తర్వాత చూసే మనిషి మా ఊరికి రాలేదు.

ఇంతదాకా చదివినవారు, అయితే మన చదువు మాయారాజ్యంలో దేనికీ పనికిరాదా అని అడగవచ్చు. పనికొస్తుంది. యంత్రాలు కాదు, కంటికి కనిపించనిది తెలిసి ఉండడం పనికొస్తుంది. మన నల్లగొండ జిల్లాకన్నా దానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఫ్లోరైడు నీళ్ళు చూపుకు తేటగా ఉంటాయి, నాలుకకు తేడా తెలియదు. తీపి నీటి ఏరు కావాలన్న పోరుమామిళ్ళ పండితుడు కూడా ఆ బావి నీళ్ళు తాగి బాగున్నాయనే అనేవాడు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళకు గార పడుతుంది. ఇంకా ఎక్కువైతే ఎముకలు వంగుతాయి. తరతరాలుగా దాన్ని కర్మ అనుకున్నారు. కర్మ కాదు, బావి అని చెప్పింది రసాయన శాస్త్రం. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన శుద్ధి పద్ధతికి మన జిల్లా పేరే, నల్లగొండ పద్ధతి అని పెట్టారు. పటిక, సున్నం తగు పాళ్ళలో కలిపి తిప్పి, తేరనిచ్చి, పైనీరు వంచుకోవడం. పటికా సున్నమూ ఏ పాత రాజ్యంలోనైనా దొరుకుతాయి.

అందుచేత మాయారాజ్యానికి పోయిన మన బి.ఎస్సీ. విద్యార్థి ఆవిరి యంత్రం మాట ఎత్తకుండా, ముందు ఊరూరా తిరిగి ఏ బావి నీళ్ళు తాగే పిల్లల పళ్ళు ఎట్లున్నాయో చూడాలి. ఏ బావి తాగితే విరేచనాలు వస్తున్నాయో రాసుకోవాలి, ఆ నీళ్ళు కాచి తాగమనాలి. 1854లో లండనులో జాన్ స్నో అనే వైద్యుడు కలరా చావులను ఇంటింటికీ లెక్కబెట్టి ఒక చేతిపంపు దగ్గరికి చేరింది ఇట్లాగే. అప్పటికి కలరా క్రిమి సంగతి లోకానికి పెద్దగా తెలియనే తెలియదు. దీనికి కావలసినవి కాగితం, కాళ్ళు, ఓపిక. వినే జనం కూడా కావాలనుకోండి. పరాయివాడు వచ్చి మీ బావి మంచిది కాదంటే ఏ ఊరివాళ్ళు ఊరుకుంటారు?

రెండో పని మట్టం కొలవడం. అలుగు కట్ట కన్నా ఎంత కిందికి ఉండాలి, వాగు నుంచి చెరువుకు కాలువ ఏ వాలులో రావాలి అన్నవి తెలియకపోతే పన్నెండు అంగాలు ఉన్నా కట్ట తెగుతుంది. దానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. ఇల్లు కట్టే మేస్త్రీలు వాడే సన్నని పారదర్శక గొట్టం చాలు. నిండా నీళ్ళు పోసి రెండు కొసలు రెండు కర్రలకు కడితే, ఎంత దూరంలో ఉన్నా రెండు పక్కలా నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి. మాయాలోకంలో పారదర్శక గొట్టం ఉండదు గనుక, వెదురు బొంగుల కొసలకు గాజు బుడ్లు అతికించుకోవాల్సి ఉంటుంది.

మా ఊరి చెరువుకు వచ్చే వాగు కాలువ మట్టాన్ని ఈ గొట్టంతో కొలవాలని నేనూ, గణితం చదివే ఇద్దరు మిత్రులూ అనుకున్నాం. కాలువను అక్కడక్కడా దున్ని కలుపుకున్నారు, ఎక్కడెక్కడ ఎంత పూడిందో కాగితం మీద పెడితే గ్రామసభలో అడగడానికి ఒక అంకె ఉంటుంది. ఎండాకాలం సెలవుల్లో, వరికోతలు అయినాక వీలవుతుంది. ఆసక్తి ఉన్నవాళ్ళు రావచ్చు. ముప్పై మీటర్ల గొట్టం, గుర్తులు గీసిన రెండు కర్రలు, ఒక నోటుబుక్కు. గొట్టంలో గాలి బుడగ లేకుండా చూసుకోవాలి. బుడగ ఉంటే మట్టం తప్పు చూపిస్తుంది.